గుట్ట మీదికి కాలిబాట, దారిలో నీడ: స్వచ్ఛంద బృందాలకు సూచనలు

రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ వంటి గ్రానైటు గుట్టల మీద కాలిబాట వేయదలచిన బృందం గడ్డపార పట్టకముందే అనుమతి తీసుకోవాలి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖను, పాత కోట గోడలున్న చోట పురావస్తు శాఖను రాతపూర్వకంగా అడగాలి. గోడ నుంచి జారిపడిన రాయినైనా బాట పనికి వాడకూడదు.

తరువాత, ఒక్కసారైనా వానలో గుట్టంతా తిరిగి చూడాలి, ఎందుకంటే బాటను పాడుచేసేది మనుషుల నడక కన్నా వాననీరే. మేము మొదటిసారి దగ్గరి దారి అవుతుందని నిట్టనిలువుగా బాట తీశాము. ఒక్క వానాకాలంలోనే అది మోకాటిలోతు గండిపడి, కొట్టుకుపోయిన మట్టి కింది చెలకలో మేట వేసింది. ఆ రైతు ముఖం నాకిప్పటికీ గుర్తుంది. కాబట్టి బాట వాలుకు అడ్డంగా, మలుపులు తిరుగుతూ సాగాలి: నూరడుగుల నడకకు ఎక్కుడు పదడుగులు మించకూడదు, మూడడుగుల వెడల్పు బాట దిగువ అంచు రెండంగుళాలు వంగి ఉండాలి. నీరు నిలువునా పారే చోట పొడుగు రాళ్ళను బాటకు అడ్డంగా, ఏటవాలుగా, సగానికి పైగా భూమిలోకి దిగేలా పాతితే నీరు పక్కకు మళ్ళుతుంది. మేకలు కాసేవారిని వెంట తీసుకెళ్తే జారుడు ఎక్కడో, ఊట ఎక్కడో వారే చూపిస్తారు.

మెట్టు రాయి వేశాక దాని అంచున నిలబడి మడమలతో ఊపి చూడాలి. ఏ కొంచెం కదిలినా పైకి తీసి, కింద చిన్న రాళ్ళు దట్టించి మళ్ళీ కూర్చోబెట్టాలి. పరుపుబండ మీద నల్లటి చారలున్న చోటు నీరు జారే చోటు. తడిసినప్పుడు అక్కడ కాలు నిలవదు, బాటను తప్పించాలి. రాయిని చేత్తో ఎత్తకముందు గడ్డపారతో దొర్లించాలి, కింద తేళ్ళుంటాయి.

నీడ కోసం నాలుగు రాతి కడీలు రెండడుగుల లోతున పాతి, పైన బోదగడ్డి కప్పితే చాలు. శిఖరం మీద, ఒంటి చెట్టు కింద, వాన నీరు పారే దారిలో కట్టకూడదు. ఆ కప్పు ఎండకు, చిరుజల్లుకే ఆసరా; ఉరుము వినబడితే అందరూ కిందికి దిగిపోవాలి. గడ్డి కప్పు కింద పొయ్యి వెలిగించనివ్వకూడదు. బండల మీది దోనెలు, అంటే నీళ్ళు నిలిచే గుంటలు, వేసవిలో అడవి జీవాలకు తాగునీళ్ళు కనుక వాటికి దూరంగానే కట్టాలి.

పనికి అక్టోబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం, అప్పుడు నేలలో ఇంకా పదును ఉంటుంది. మరుసటి ఏడు జూన్‌లో మొదటి పెద్దవాన పడిన రోజే ఇద్దరు పారలతో ఎక్కి, నీరు ఎక్కడ ఆగుతోందో చూసి, అక్కడికక్కడే దారి తీయాలి.