గ్లాక్ 19: పాత తరమా, కొత్త తరమా? ఎలా ఎంచుకోవాలి?

గ్లాక్ 19 పిస్టల్ కొనదలచినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: మూడో తరం తీసుకోవాలా, ఐదో తరం తీసుకోవాలా? అడిగే సమయానికే చాలామంది లోలోపల తీర్మానించుకొని ఉంటారు. కొత్తగా వచ్చినది కనుక ఐదో తరమే మేలని కొందరు, ఏళ్ల తరబడి వాడుకలో నలిగినది కనుక మూడో తరమే నమ్మదగినదని మరికొందరు అనుకుంటారు. షూటింగ్ రేంజిలో కొత్తవారికి నేర్పుతూ ఈ రెండు పొరపాట్లనూ లెక్కలేనన్నిసార్లు చూసి విసిగిపోయాను గనుక, ఎంపిక ఏ క్రమంలో జరగాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఏ తరం ఏమిటో తెలుసుకోవాలి. దీనికి ఎక్కువ సమయం అక్కరలేదు. గ్లాక్ 17ను ఆస్ట్రియా సైన్యం 1982లో స్వీకరించింది. దానికంటే కొంచెం పొట్టిదైన 19 నమూనా 1988లో వచ్చింది. 1990ల చివరి భాగంలో వచ్చిన మూడో తరంలో పిడి ముందువైపు వేళ్లు కూర్చునే గాడులు, బ్యారెల్ కింద లైటు బిగించుకునే పట్టాలు చేరాయి. 2010లో వచ్చిన నాలుగో తరం పిడి వెనుక మార్చుకోదగిన బ్యాక్‌స్ట్రాపులను (పిడి కొలతను పెంచే తొడుగులను), ఒక స్ప్రింగు స్థానంలో స్లైడ్‌ను (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగాన్ని) తిరిగి ముందుకు తోసే జంట రీకాయిల్ స్ప్రింగును, ఎడమవైపు నుంచి కుడివైపుకు మార్చుకోగల మ్యాగజైన్ క్యాచ్‌ను (తూటాల పెట్టె అయిన మ్యాగజైన్‌ను పట్టి ఉంచే మీటను) తెచ్చింది. 2017 నాటి ఐదో తరం వేళ్ల గాడులను తీసివేసి, స్లైడ్‌ను వెనక ఆపి ఉంచే మీటను, అంటే స్లైడ్ స్టాప్‌ను, రెండు వైపులా పెట్టి, బ్యారెల్‌ను, ట్రిగ్గర్ లోపలి భాగాలను మార్చింది. 15 తూటాల 9 మి.మీ. మ్యాగజైన్, విడిగా సేఫ్టీ మీట లేకపోవడం, బయటి సుత్తి లేకుండా లోపలి సూదితోనే తూటాను పేల్చే స్ట్రైకర్ పద్ధతి మాత్రం అన్నింటికీ ఒకటే.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. కొన్ని చోట్ల మ్యాగజైన్‌లో పట్టే తూటాలకు పరిమితి ఉంటుంది; మరికొన్ని చోట్ల కొన్ని తరాలను అమ్మడానికే అనుమతి ఉండదు. అలాంటి చోట ఉన్నవారికి ఎంపిక అప్పుడే సగం ముగిసినట్టు.

ఇక అసలు దశ, అందరూ చెడగొట్టే దశ, పట్టు చూడటం. దుకాణంలో పిస్టల్‌ను చేతిలోకి తీసుకొని, రెండుసార్లు పైకెత్తి, "బాగుంది" అని పెట్టేయడాన్ని పట్టు చూడటం అనరు. ముందుగా పిస్టల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి, అదీ సరైన క్రమంలో: ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తరువాతే స్లైడ్‌ను వెనక్కి లాగి తూటా కూర్చునే ఛాంబర్‌ను కంటితో చూడాలి, వేలితో తడమాలి. ఈ క్రమం తిరగబడితే, స్లైడ్ లాగినప్పుడు బయటపడిన తూటా స్థానంలోకి మ్యాగజైన్‌లోని తరువాతి తూటా ఎక్కి కూర్చుంటుంది. చేతిలో ఉన్నది ఖాళీ పిస్టల్ అన్న భ్రమ మాత్రమే మిగులుతుంది. గ్లాక్ విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఏ తరంలోనైనా దానిని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. నేర్పరులమనుకునేవారు సైతం ఈ ఒక్క చోటనే తప్పు చేస్తారు. దుకాణదారు స్వయంగా చూసి ఇచ్చినా సరే, మీరు మళ్లీ చూడండి. ట్రిగ్గర్ నొక్కి చూస్తానని ముందుగా ఆయన అనుమతి తీసుకోండి.

ఖాళీ అని తేలాక, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనున్న సందును పిడి వెనుకభాగంలో ఎంత పైకి పోతే అంత పైకి ఆనించండి. ముంజేయి, బ్యారెల్ ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు, పట్టు ఏమాత్రం కదలకుండా, చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యకు చేరుతోందో లేదో చూడండి. చిన్న చేతులవారు ఇక్కడ తమకు తెలియకుండానే తమను తాము మోసం చేసుకుంటారు: వేలు అందకపోతే అరచేతిని పిడి చుట్టూ కొంచెం తిప్పేస్తారు, వేలు అందినట్టే ఉంటుంది, కాని బ్యారెల్ ముంజేతి గీత నుంచి పక్కకు జరిగిపోతుంది. ఆ పట్టుతో కాల్చినప్పుడు ప్రతి తూటా దెబ్బ మణికట్టుకు కాక బొటనవేలి కీలుకు తగులుతుంది.

తరువాత కళ్లు మూసుకొని, సురక్షితమైన దిశలో ఉన్న ఖాళీ గోడవైపు పిస్టల్‌ను ఎత్తి, అప్పుడు కళ్లు తెరవండి. గురి చూసే ముందరి సైటు వెనక సైటు గాడిలో ఉందా, లేక ఎడమకో కుడికో తొంగి చూస్తోందా? ఇలా అయిదుసార్లు చేయండి, రెండు తరాలతోనూ చేయండి. అయిదింటిలో నాలుగుసార్లు సైట్లు కలిసినదే మీ పిస్టల్. ఇది నా లెక్కే, కాని మినహాయింపు అవసరమైనవారు నాకు ఇంతవరకు తగల్లేదు.

మూడో తరంలో వేళ్ల గాడులు అదనపు చిక్కు. గాడుల మధ్యనున్న గట్లు వేళ్ల సందుల్లో కూర్చుంటే పట్టు హాయిగా ఉంటుంది. గట్టు వేలి కిందికి వస్తే మాత్రం దానికి మందు లేదు. నా దగ్గర నేర్చుకున్న ఒకాయన, వేళ్లు లావుగా ఉండే మనిషి, కొత్తలో ఏమీ తెలియడం లేదనే అన్నారు. నూట యాభై తూటాలు కాల్చాక చూపిస్తే, మధ్యవేలి పక్కన గట్టు అచ్చు ఎర్రటి గీతలా పడి, చర్మం లేవబోతోంది. అలాంటి పిడిని ఉప్పుకాగితంతో రుద్ది సరిచేస్తామనేవారి మాట వినకండి. ఆ రుద్దుడు పూర్తయ్యాక దానిని తిరిగి కొనేవారు ఉండరు. అందుకే నా నియమం: గట్టు వేలికి తగిలిందంటే మూడో తరం అక్కడితో ముగిసింది.

ఐదో తరంలో పని వేరు. బ్యాక్‌స్ట్రాపు లేని పిడి మూడో తరం పిడికంటే కాస్త చిన్నది. మధ్యరకం బ్యాక్‌స్ట్రాపు పెడితే సుమారు 2 మి.మీ. పెరిగి దాని కొలతకు వస్తుంది, పెద్దది పెడితే 4 మి.మీ. పెరుగుతుంది. ముందు ఏమీ లేకుండా చూడాలి, చాలకపోతేనే మధ్యరకం పెట్టాలి. వెనుకకు కదిలే స్లైడ్ చేతిసందు చర్మాన్ని గీకుతున్నవారు వెనుకవైపు తోక పొడుగ్గా ఉన్న రకం బ్యాక్‌స్ట్రాపును ఎంచుకోవాలి. తొలినాళ్ల ఐదో తరం పిడి ముందు అంచున అర్ధచంద్రాకారపు గంటు ఉంటుంది. చిటికెన వేలు దానికి ఆనుకునేవారు తరువాతి ఉత్పత్తిలో వచ్చిన, గంటు లేని పిడిని వెతుక్కోవడం మంచిది.

ఎడమచేతివారికి ఇంత విచారణ అక్కరలేదు. మూడో తరంలో మ్యాగజైన్ క్యాచ్ వారికి అందేవైపు ఉండదు, స్లైడ్ స్టాప్ కూడా ఒక్కవైపే ఉంటుంది. వారు ఐదో తరమే తీసుకోవాలి. అయితే క్యాచ్‌ను కుడివైపుకు మార్చాక మూడో తరం నాటి పాత మ్యాగజైన్లు పనిచేయవు, ఎందుకంటే వాటికి రెండోవైపు గంటు లేదు.

బ్యారెల్ మార్పు గురించి జరిగే వాదనలు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఐదో తరం బ్యారెల్ మెరుగైనదే కావచ్చు, కాని పదిహేను మీటర్ల దూరంలో లక్ష్యం మీద చెయ్యి వెడల్పున తూటాలు చెదరగొట్టేవారికి ఆ మెరుగు కనబడదు. వారికి కనబడేది తమ ట్రిగ్గర్ వేలి తప్పే. అంతకంటే విడిభాగాల సంగతి ఆలోచించడం నయం. మూడో తరానికి హోల్‌స్టర్లు (పిస్టల్ పెట్టుకునే ఒరలు), స్ప్రింగులు, సైట్లు, ట్రిగ్గర్ భాగాలు చేసే తయారీదారులు లెక్కకు మించి ఉన్నారు. దాని ట్రిగ్గర్ భాగాలు ఐదో తరానికి సరిపోతాయనీ, జంట స్ప్రింగు మూడో తరంలో యథాతథంగా కూర్చుంటుందనీ అనుకొని కొనకండి.

వాడిన పిస్టల్ కొనేవారు స్ప్రింగును పరీక్షించాలి. పైన చెప్పిన క్రమంలో ఖాళీ చేసి, సురక్షితమైన దిశలో మూతిని 45 డిగ్రీలు పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకొనే స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో మెల్లగా ముందుకు వదలండి. స్లైడ్ చివరిదాకా వెళ్లి మూసుకోకుండా మధ్యలో ఆగితే స్ప్రింగు అరిగిపోయినట్టు. దానిని మార్చే ఖర్చు స్వల్పమే గనుక, బేరంలో చెప్పి తగ్గించుకోవచ్చు.

డబ్బు చెల్లించే ముందు పెట్టె తెరిచి చూడండి. ఐదో తరం పెట్టెలో బ్యాక్‌స్ట్రాపులతో పాటు, అగ్గిపుల్లకన్నా పొట్టిగా ఉండే ఒక పిన్ను, దాన్ని తోసే చిన్న పనిముట్టు ఉంటాయి. బ్యాక్‌స్ట్రాపు బిగించినప్పుడు పిడిలో అప్పటికే ఉన్న పొట్టి పిన్నును తీసి, దాని స్థానంలో పెట్టెలోని, దానికంటే పొడుగైన ఆ పిన్నునే వేయాలి. వాడిన పిస్టళ్ల పెట్టెల్లో తరచుగా కనిపించనిది అదే.