రౌటర్ నుంచి ఫ్లో లెక్కలు తీసుకోవడం, వాడుకోవడం ఎలా?

లింక్ నిండిపోయిందని ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల లెక్కలను దూరం నుంచి చదివే పద్ధతి) గ్రాఫ్ చూపిస్తుంది. ఎవరి వల్ల నిండిందో చూపించదు. అది తెలియాలంటే ఫ్లో రికార్డులు కావాలి. సోర్స్, డెస్టినేషన్ ఐపీలు, రెండు వైపుల పోర్టులు, ప్రోటోకాల్ ఒకటిగా ఉన్న ప్యాకెట్లను రౌటర్ ఒక ఫ్లోగా లెక్కగట్టి, మొత్తం బైట్లు, ప్యాకెట్లు, మొదలైన, ముగిసిన సమయాలు రాసుకుంటుంది. ప్యాకెట్ లోపలి సమాచారం రాయదు. ఫ్లో ఒకవైపే నడుస్తుంది కాబట్టి ఒక డౌన్‌లోడ్‌కి రెండు రికార్డులు వస్తాయి.

1. ఫార్మాట్ చూసుకోండి
ఫ్లో రికార్డులు పంపే ఫార్మాట్లలో ఒకటైన నెట్‌ఫ్లో వెర్షన్ 5కి ఐపీవీ4 మాత్రమే తెలుసు. ఐపీవీ6 కూడా నడుస్తుంటే వెర్షన్ 9 గానీ, దాని ఆధారంగా వచ్చిన ప్రామాణిక ఫార్మాట్ ఐపీఫిక్స్ గానీ ఎంచుకోండి. మైక్రోటిక్ రౌటర్లలో ఇదే సదుపాయం ట్రాఫిక్ ఫ్లో అనే పేరుతో ఉంటుంది.

2. ముందు కలెక్టర్ పెట్టండి
రౌటర్ పంపే రికార్డులను అందుకుని దాచే ప్రోగ్రామే కలెక్టర్. లినక్స్ సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌డంప్ చాలు, ఉచితం. నెట్‌ఫ్లోకి సాధారణంగా యూడీపీ 2055 లేదా 9995, ఐపీఫిక్స్‌కి 4739 పోర్టు వాడతారు. ఫైర్‌వాల్‌లో తెరవండి. వెర్షన్ 9, ఐపీఫిక్స్‌లలో రికార్డు ఆకారం చెప్పే టెంప్లేట్ అందేదాకా కలెక్టర్ డేటాను చదవలేదు. మొదటి కొన్ని నిమిషాలు ఏమీ కనిపించకపోతే టెన్షన్ పడి సెట్టింగులు మార్చకండి.

3. రౌటర్‌లో ఆన్ చేయండి
ముందుగా ఎన్‌టీపీతో గడియారం సరిచేయండి. తర్వాత కలెక్టర్ ఐపీ, పోర్టు ఇవ్వండి. సోర్స్‌గా లూప్‌బ్యాక్ (కేబుల్‌తో పనిలేని, రౌటర్ లోపలి) ఇంటర్‌ఫేస్ పెడితే రౌటర్ ఎప్పుడూ ఒకే అడ్రస్‌తో కనిపిస్తుంది. అన్ని ఇంటర్‌ఫేస్‌లలోనూ లోపలికి వచ్చే ట్రాఫిక్‌నే లెక్కించండి. బయటికి వెళ్లేదాన్ని కూడా కలిపితే ఒకే ట్రాఫిక్ రెండుసార్లు పడుతుంది.

ఇక్కడ అందరూ వదిలేసేది యాక్టివ్ టైమౌట్, అంటే ఇంకా నడుస్తున్న ఫ్లో లెక్కను ఎంతసేపటికొకసారి పంపాలనే గడువు. చాలా పరికరాల్లో అది 30 నిమిషాలు ఉంటుంది. అంటే రెండు గంటల బ్యాకప్ నడుస్తున్నా, దాని లెక్క అరగంటకొకసారి మాత్రమే కలెక్టర్‌కి చేరుతుంది. గ్రాఫ్‌లో అది నిలకడైన గీతలా కాకుండా ఎత్తైన ముల్లులా కనిపించవచ్చు, లింక్ వేగాన్ని మించిపోయినట్టు కూడా అనిపించవచ్చు. దీన్ని 1 నిమిషానికి తగ్గించండి. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇదే. ప్యాకెట్లు ఆగిపోయాక ఫ్లో ముగిసిందని లెక్కగట్టే ఇనాక్టివ్ టైమౌట్‌కి 15 సెకన్లు సరిపోతుంది.

4. శాంప్లింగ్ కావాలా?
అంటే అన్ని ప్యాకెట్లనూ కాకుండా కొన్నిటినే లెక్కించడం. రౌటర్ సీపీయూ తట్టుకుంటే వద్దు. పెద్ద లింకుల్లో తప్పదు. 1000 ప్యాకెట్లకు ఒకటి చూస్తే, వచ్చిన అంకెల్ని 1000తో గుణించాలి. ఎక్కువ వాడేవాళ్లెవరో దీనితోనూ తెలుస్తుంది. రెండు మూడు ప్యాకెట్ల చిన్న ఫ్లోలు మాత్రం చాలావరకు తప్పించుకుంటాయి. బిల్లింగ్‌కి దీన్ని నమ్మకండి.

5. సరిచూసుకోండి
ఒక గంట ఫ్లో బైట్లను అదే ఇంటర్‌ఫేస్ ఎస్‌ఎన్‌ఎంపీ లెక్కతో పోల్చండి. ఈథర్‌నెట్ హెడర్లు కూడా కలుస్తాయి కాబట్టి ఎస్‌ఎన్‌ఎంపీ అంకె కొంచెం ఎక్కువ ఉండాలి. ఫ్లో లెక్క సగమే ఉంటే ఏదో ఇంటర్‌ఫేస్ వదిలేశారేమో, రికార్డులు దారిలో పోతున్నాయేమో చూడండి. యూడీపీలో పోయినవి మళ్లీ రావు.

6. ఇక వాడుకోండి
మొదట బైట్ల ప్రకారం పైనున్న పది ఐపీలు చూడండి, లింక్‌ని నింపుతున్నది దొరుకుతుంది. తర్వాత అదే జాబితాను ఫ్లోల సంఖ్య ప్రకారం వేయండి, అసలు విషయాలు ఇక్కడే బయటపడతాయి. ఒకే కంప్యూటర్ వేల అడ్రస్‌లకు ఒక్కో ప్యాకెట్ చొప్పున పంపుతూ, టీసీపీ ఫ్లాగుల్లో సిన్ (కనెక్షన్ మొదలుపెడదామనే గుర్తు) ఒక్కటే ఉంటే అది స్కానింగ్, అంటే తెరిచి ఉన్న పోర్టుల కోసం వెతకడం. బైట్ల జాబితాలో అది ఎప్పటికీ పైకి రాదు. ఎన్నో అడ్రస్‌ల నుంచి మీ ఒక్క ఐపీకి, సోర్స్ పోర్టు 53 లేదా 123తో యూడీపీ ముంచెత్తుతుంటే అది డీఎన్ఎస్ లేదా ఎన్‌టీపీ యాంప్లిఫికేషన్ (చిన్న ప్రశ్నలకు వచ్చే పెద్ద జవాబులను బాధితుడి మీదికి మళ్లించే) దాడి కావచ్చు. రాత్రివేళ డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ ఎక్కువ ఉన్న డెస్క్‌టాప్‌ని కూడా వదలకండి. అది బ్యాకపో, డేటా దొంగతనమో తేల్చుకోవాలి.

ఎవరు ఎవరితో, ఎప్పుడు మాట్లాడారో ఈ రికార్డుల్లో ఉంటుంది. అందుకే కలెక్టర్‌లోకి లాగిన్ ఒకరిద్దరికే ఇవ్వండి, పాత ఫైళ్లు గడువు తీరగానే వాటంతటవే చెరిగిపోయేలా పెట్టండి.