కోనసీమను నీళ్ల దారిలో చూడాలంటే ఎలా?

మ్యాపులో చూస్తే కోనసీమ త్రికోణంలా ఉంటుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలిపోయి ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ అవుతుంది, మూడో పక్క బంగాళాఖాతం. అంటే చుట్టూ నీళ్లున్న దీవే ఇది. వంతెనలు వచ్చాక ఆ సంగతి మనమే మర్చిపోయాం. రావులపాలెం మీదుగా కారులో వచ్చి, రెండు గుళ్లు చూసి, ఓ బొండాం తాగి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. రెండు రోజులు చేతిలో పెట్టుకుని, గడియారం కంటే నీటి వేళను నమ్ముకుని రండి. నరసాపురంలో మొదలుపెట్టి కాకినాడలో ముగించే దారి చెబుతాను.

ముందు కాలం చూసుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుపానును కోనసీమలో పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. జులై నుంచి సెప్టెంబరు వరదల కాలం. అప్పుడే రావాలనుకుంటే ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం వార్తల్లో చూసుకోండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం మానుకోవడమే మంచిది. ఏటి మధ్య దీవుల్లో ఉండే లంక గ్రామాల వాళ్లు పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకునే వేళ అది. మనం చూడ్డానికి వెళ్లి వాళ్ల పడవల్లో చోటు ఆక్రమించకూడదు.

పులస కోసమే వచ్చేవాళ్లకు ఒక మాట. వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే చేప అది. సంక్రాంతికి ఎవరైనా తాజా పులస అంటే కొనకండి.

వసిష్ఠను పంటు మీద దాటండి

నరసాపురం రేవు నుంచి అవతలి సఖినేటిపల్లికి పంటు నడుస్తుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ ఒకే బల్లకట్టు మీద. చించినాడ వంతెన మీదుగా కూడా రావచ్చు గానీ, మొదటిసారి వస్తున్నవాళ్లు ఏరు దాటే అడుగు పెట్టాలని నా కోరిక. కారును పంటు ఎక్కించాక హ్యాండ్ బ్రేకు వేసి, పిల్లల్ని దించి, మీరూ దిగి నిలబడండి. పిల్లలు అంచు దగ్గరికి పోకుండా చెయ్యి పట్టుకోండి. వెలుగుండగానే రేవు చేరుకుంటే మంచిది.

సాయంత్రానికి అంతర్వేది చేరండి

లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని వసిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. దాన్ని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఏటి నీరు, కడలి నీరు కలిసే ఆ గీతను కాసేపు చూస్తూ నిలబడండి. పొద్దు ఏటి మీదుగా కుంకుతుంది. అక్కడ స్నానానికి మాత్రం దిగవద్దు. ఏరు, పోటు ఒకదాన్నొకటి తోసుకునే మొగ అది. మోకాలి లోతులో నిలబడ్డ మనిషిని కూడా లాగేస్తుంది. మాఘ మాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో స్వామి కల్యాణోత్సవాలు జరుగుతాయి. ప్రకృతి కోసం వచ్చేవాళ్లు ఆ జనసమ్మర్దం రోజులు వదిలి రండి.

రాత్రికి దిండిలో ఉండండి. వసిష్ఠ ఒడ్డునే బసలున్నాయి, హౌస్‌బోట్లు తిరుగుతాయి. ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ అడిగి తీసుకుని, తాళ్లు బిగించుకున్నాకే కూర్చోండి.

ఏటి మీద పారే కాలువ చూడండి

రెండో రోజు పొద్దున్నే రాజోలు, తాటిపాక మీదుగా పి.గన్నవరం వెళ్లండి. కింద గోదావరి పాయ వైనతేయ, దాని పైన అడ్డంగా పంట కాలువ. పాత అక్విడక్ట్ 1850లలో, కాటన్ దొర ఆనకట్ట కట్టిన కాలంలోనే కట్టింది. ఇప్పుడు కాలువ పారేది పక్కనే కట్టిన కొత్తదాని మీద. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఏ వేళకు ఎవరు వచ్చినా ఆకలితో పంపని లంకల గన్నవరం తల్లి ఆవిడ. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కాబట్టి అప్పుడొస్తే పైన నీళ్లుండవు.

అక్కడి నుంచి అంబాజీపేట. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిని, కొబ్బరి తోటల మధ్య కాస్త నడవండి. కాయల దింపు జరుగుతున్న తోటలోకి మాత్రం కేకేసి, అవతలి నుంచి రమ్మన్నాకే వెళ్లండి. కనుమ నాడు వస్తే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడొచ్చు. వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించిన ప్రభలను భుజాల మీద మోస్తూ చేలల్లోంచి, కౌశిక కాలువలోంచి తెస్తారు.

కోరంగికి పోటు వేళ చూసుకుని వెళ్లండి

అమలాపురం, ముమ్మిడివరం దాటి ఎదుర్లంక దగ్గర గౌతమి వంతెన ఎక్కితే యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ల పాలనలో ఉన్న ఊరు. అక్కడ ఎక్కువసేపు ఆగొద్దు, తాళ్లరేవు దాటితే కోరంగి మడ అడవులు. ఈ దారిలో సమయం మిగిల్చుకోవాల్సింది వీటి కోసమే.

ఒకసారి మా అక్క పిల్లల్ని తీసుకుని తీరిక దొరికిన మధ్యాహ్నం వెళ్లాను. ఆటుకు నీరు పూర్తిగా తీసేసింది, పడవలు బురదలో కూర్చున్నాయి. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. అప్పటి నుంచి ముందురోజే కాకినాడ పోటు వేళలు ఫోన్‌లో చూసుకుంటున్నాను. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ఇవాళ్టి కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా ఎక్కుతుంది, అంతే బాగా తీస్తుంది. తిథి గోడ మీది క్యాలెండర్‌లోనే ఉంటుంది.

పోటు నిండడానికి రెండు గంటల ముందు చేరేలా బయల్దేరండి. అప్పటికి బురద ఇంకా బయటే ఉంటుంది. చెక్కల వంతెన మీద మెల్లగా నడుస్తూ కిందికి చూడండి. ఒక డెక్క మాత్రం పెద్దగా ఉన్న చిన్న పీతలు దాన్ని ఊపుతుంటాయి, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. అలికిడి చేస్తే అన్నీ బొరియల్లో దూరిపోతాయి. ఓ ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే మళ్లీ బయటికొస్తాయి.

నేలలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్టు శ్వాస వేర్లు. ఈ బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు తానే పైకొచ్చి ఊపిరి తీసుకుంటుంది. మడ ఆకు అడుగున వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి, ఉప్పు తగులుతుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకు బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్న అనే మరో మడ చెట్టు విత్తనం కొమ్మ మీదుండగానే మొలకెత్తి పొడవుగా వేలాడుతుంది. చెట్టు పేరు తెలియకుండా మాత్రం దేన్నీ తుంచకండి. తిల్ల చెట్టు పాలు కళ్లలో పడితే చాలా ప్రమాదం.

నీరు ఎక్కాక పడవ ఎక్కి పాయల్లోకి వెళ్లండి. లకుముకి పిట్టలు, కొంగలు, గరుడ పక్షులు కనిపిస్తాయి. నీటికుక్కలు కనిపిస్తే అదృష్టం. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, దాన్ని చూపించమని పడవవాళ్లను ఇబ్బంది పెట్టొద్దు. 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు ఇక్కడి రేవు నుంచే మనవాళ్లు రంగూన్ ఓడలెక్కారు. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచారు. 1839 నవంబరులో ఉప్పెన ఆ రేవును ముంచేసింది. కెరటం దెబ్బను ముందుగా కాచుకునేది ఈ మడ చెట్లే. అందుకే ఇక్కడ ప్లాస్టిక్ సీసా పడేసే చెయ్యి కనిపిస్తే నేను అడ్డం పడతాను, మీరూ పడండి.

ఓపిక ఉంటే హోప్ ఐలాండ్

గోదావరి మోసుకొచ్చిన ఇసుకే కాకినాడ రేవుకు అడ్డుగోడలా పేరుకుని ఈ దీవి అయింది. అటవీ శాఖ అనుమతి ముందే అడిగి, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజే పడవ మాట్లాడుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వంద దాకా ఉంటాయి. ఆ నెలల్లో తీరం మీద టార్చి, ఫ్లాష్ వాడొద్దు. తాబేలు పిల్లలు వెలుగున్న వైపే సముద్రం అనుకుని దారి తప్పుతాయి. తాబేలు పాకిన జాడ ఇసుకలో కనిపిస్తే తొక్కకుండా పక్కనుంచి నడిచి, ఆ చోటు అటవీ సిబ్బందికి చూపించండి.