పాత బండి బాగుచేత – మూడో పాఠం: పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పు

పోయిన పాఠంలో మన యమహా ఆర్ఎక్స్ 100 బైకు ట్యాంకు విప్పి, పెట్రోలు వంచేసి, సర్ఫ్ నీళ్లతో కడిగి పెట్టాం. ఈరోజు పని మొదలుపెట్టే ముందు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన ఏ కాస్త తగిలినా మళ్లీ కడగాల్సిందే. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుతోనే ప్రమాదం ఎక్కువ. లోపల పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటాయి కాబట్టి ఒక్క నిప్పురవ్వ చాలు. పనంతా ఆరుబయటే చేయండి. చేతికి రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఇప్పుడు ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి. తుప్పు రెండు చోట్ల ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి అడుగున, కాక్ (పెట్రోలు వదిలే కుళాయి) చుట్టూ. నీళ్లు పెట్రోలు కంటే బరువు కాబట్టి ఎన్ని చుక్కలు చేరినా అక్కడికే దిగుతాయి. రెండోది పైకప్పు. సగం పెట్రోలుతో నెలల తరబడి నిలబెట్టిన బండిలో, రాత్రి చల్లబడినప్పుడు మూత సందులోంచి తేమ గాలి లోపలికి పోయి, పైరేకుకు చెమ్మగా పడుతుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా తేమను పీల్చుకుంటుంది. అందుకే నిలబెట్టే బండి ట్యాంకు నిండుగా ఉండాలి.

తుప్పు తీయడానికి బాత్రూం కడిగే యాసిడ్ పోయమని చాలామంది చెబుతారు. పోయకండి. అది తుప్పుతో ఆగదు, మంచి రేకునూ తినేస్తుంది. పైగా సందుల్లో మిగిలిపోయి, కడిగిన కాసేపటికే కొత్త తుప్పు తెస్తుంది. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అంత పాత రేకు మీద ఇలాంటి మొరటు వైద్యం పనికిరాదు. అసలు ట్యాంకు దొరకడమే గగనం.

మనకు కావలసింది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. అది తుప్పును నెమ్మదిగా కరిగించి నీళ్లలో కలుపుకుంటుంది, రేకు జోలికి పెద్దగా పోదు. లీటరు నీటికి 70 నుంచి 100 గ్రాములు. అంటే పది లీటర్ల ట్యాంకుకు కిలో లోపే.

ముందు పొడిగా ఊడే తుప్పును రాల్చాలి. కొందరు నట్లు, గులకరాళ్లు వేసి ఊపుతారు. నాకు పాత సైకిల్ చైనే నచ్చుతుంది. ఒక కొసకు గట్టి తీగ కట్టి లోపలికి వదిలితే, పనయ్యాక మొత్తం ఒకేసారి బయటికి వస్తుంది. నట్లు వేస్తే ముందే లెక్కపెట్టుకోవాలి. కాసిని నీళ్లు పోసి అన్ని వైపులకూ తిప్పుతూ ఊపండి. ఎర్రటి బురద వంచేసి, నీళ్లు తేటపడేదాకా కడగండి.

తర్వాత కాక్ విప్పేయాలి. దాని కంతకు సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, పైన రేకు ముక్క వేసి, కాక్ బిగించే స్క్రూలతోనే బిగించండి. మూతి చుట్టూ పెయింటు మీద గ్రీజు రాసి పాలిథిన్ చుట్టండి. ద్రావణం ఒలికి పెయింటు మీద ఆరితే మరక పడుతుంది.

చేయి పెడితే చురుక్కుమనే వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి, మూతి దాకా నింపండి. సగం నింపితే పైకప్పు తుప్పు అలాగే ఉండిపోతుంది. మూత బిగించకండి, లోపల గ్యాసు పుడుతుంది. గుడ్డ కప్పితే చాలు. పన్నెండు గంటలకు ఒకసారి టార్చి వేసి చూడండి. బూడిదరంగు రేకు కనిపిస్తే పని అయిపోయినట్టే. ఇంకా తుప్పు ఉంటే అదే నీళ్లను రోజుల తరబడి ఉంచకుండా వంచేసి, కొత్తగా కలిపి పోయండి.

ఇక్కడి నుంచి తొందర అవసరం. తుప్పు కరగడానికి రాత్రంతా పట్టినా ఫరవాలేదు. వంచేశాక వచ్చే అరగంటలోనే ట్యాంకు బాగుపడేదీ పాడయ్యేదీ తేలుతుంది. పచ్చి ఇనుము తడిగా గాలికి తగిలితే నిమిషాల్లో నారింజ రంగు పొర కమ్ముకుంటుంది. దాన్ని చూసి నిమ్మ ఉప్పు పనిచేయలేదనుకుంటారు. నిజానికి అది కొత్త తుప్పు. కాబట్టి కావలసినవన్నీ ముందే పక్కన పెట్టుకుని, అప్పుడే ద్రావణం వంచండి.

వంచిన వెంటనే లీటరుకు రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపిన నీళ్లు పోసి, మూతి తెరిచే ఉంచి తిప్పండి. పులుపు విరుగుతుంటే బుసబుసా నురుగు వస్తుంది. నురుగు ఆగాక వంచి, శుభ్రమైన నీళ్లతో ఒక్కసారి కడగండి. ఆ నీళ్లు బోరువి కాకుండా తాగే ఆర్ఓ నీళ్లయితే మంచిది, ఉప్పు నీళ్లు తుప్పును తొందరపెడతాయి. ఆపైన అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, సందులన్నీ తడిసేలా తిప్పి వంచేయండి. అది మిగిలిన నీటిని తనలో కలుపుకుని పోతుంది. తర్వాత మూతి, కాక్ కంత రెండూ తెరిచి ఎండలో బోర్లించండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది.

పొడిగా అనిపించగానే కాక్ కంత మళ్లీ మూసి, అర లీటరు పెట్రోలులో వంద మి.లీ. టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్లకు వాడే నూనె) కలిపి పోయండి. ట్యాంకును అన్ని పక్కలకూ, తలకిందులుగానూ నెమ్మదిగా తిప్పితే రేకంతా నూనె పొర పడుతుంది. వంచిన నూనెను సీసాలో దాచుకోండి, వచ్చే పాఠంలో మళ్లీ కావాలి. ఎర్రటి నీళ్లను, నిమ్మ ఉప్పు ద్రావణాన్ని చెట్ల మొదట్లో, బావి దగ్గర పోయకండి. సోడాతో విరిచాకే పారబోయండి.

చివరగా ట్యాంకు కిందివైపు అతుకుల మీద తెల్లకాగితం ఒత్తి చూడండి. ఎక్కడైనా నూనె మరక పడితే అక్కడ సూదిమొన చిల్లి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని తుప్పే మూసి ఉంచింది. మీరే వెల్డింగ్‌కో సోల్డరింగ్‌కో దిగకండి. మరక పడిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. చిల్లి మూయడం, కాక్ జాలీ శుభ్రం చేయడం నాలుగో పాఠంలో.