భాగస్తులతో పల్లినూనె గానుగ: మొదటి రోజు నుంచే లెక్కలు బయట పెట్టే పద్ధతి

నాగర్‌కర్నూల్, వనపర్తి, అచ్చంపేట వైపు యాసంగి పల్లి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో గానుగ పెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. బావమరుదులో దోస్తులో ముగ్గురు కలుస్తారు. నష్టమొస్తే తలా ఇంత భరించి ముందుకు పోతారు గానీ, లెక్క కనపడకపోతే లాభంలో ఉన్న గానుగ కూడా మూతపడుతుంది.

మిషన్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే ఎవరు ఎంత పెడుతున్నారో, ఆ పైసలు ఎక్కడి నుంచి తెస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. రెండోదే ఎక్కువమంది దాస్తారు. ఒకరు సొంత పైసలు తెచ్చి, ఇంకొకరు 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. ఆయనకు నెలకు 6,000 వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. మొదటి నెల నుంచే ఆయన చేతికి పైసలు కావాలి. మిగతావాళ్లు లాభాన్ని మళ్లీ పల్లీల మీద పెడదామంటారు. అప్పు సంగతి ముందే తెలిస్తే నెలకు ఎవరు ఎంత తీసుకోవాలో అప్పుడే ఒప్పుకోవచ్చు. తెలియకపోతే ఆయనకు ఆశ ఎక్కువని అనుకుంటారు.

తర్వాత ఒప్పందపత్రం. రాసుకోకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టమే మీ తరఫున నిర్ణయిస్తుంది: ఎవరు ఎక్కువ పెట్టినా లాభనష్టాలు సమానం, రోజంతా గానుగ దగ్గర కూర్చున్న భాగస్తుడికి జీతం లేదు, ఒప్పుకున్న పెట్టుబడికి మించి ఇచ్చిన పైసలకు ఏడాదికి 6 శాతమే వడ్డీ. ఈ మూడింటి మీద మీ మాట ఏమిటో పత్రంలో ఉండాలి. సంస్థ పేరు మీద ఒకరు చేసిన అప్పుకు ముగ్గురూ బాధ్యులే కాబట్టి, ఎంత దాటితే ఇద్దరి సంతకాలు కావాలో కూడా రాయండి. అప్పు 20,000 గానీ అంతకు మించి గానీ ఉంటే నగదుగా తీసుకోవద్దు, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. చేయించని సంస్థ ఉద్దెర ఎగ్గొట్టినవారి మీద కోర్టులో దావా వేయలేదు.

అసలు పైసలు జారిపోయేది తూకం దగ్గర. 100 కిలోల ఒలిచిన గింజలకు కట్టె గానుగలో సుమారు 36 నుంచి 40 లీటర్ల నూనె వస్తుంది. లీటరు దాదాపు 910 గ్రాములు తూగుతుంది గనక అది 33 నుంచి 36 కిలోలు. మిగతాదంతా దాదాపు చెక్కే. ప్రతి విడతకూ కాయల తూకం, గింజల తూకం, నూనె తూకం, మడ్డి, చెక్క అన్నీ ఒకే వరుసలో రాయాలి. కాయల్లో గింజలు నూటికి 65 నుంచి 70 కిలోలు దిగుతాయి. నూనెను లీటర్లలో కాకుండా కిలోల్లో రాయండి. నురుగు, వేడి ఉన్నప్పుడు లీటరు కొలత తప్పుతుంది. పట్టేటప్పుడు నీళ్లు చల్లితే ఎన్ని చల్లారో రాయండి, లేకపోతే లెక్క అతుకదు.

నూనె 32 లీటర్లకు పడిపోయిందంటే మనిషిని అనుమానించే ముందు గింజ చూడండి: తేమ ఉందా, తాలు గింజలు ఎక్కువ కలిశాయా, రోకలి అరిగిందా. రెండు మూడు విడతలు పక్కపక్కన రాసి ఉంటే ఇది పుస్తకంలోనే తేలిపోతుంది.

చెక్క పైసలే చాలా చోట్ల పుస్తకంలోకి రావు. పాడి ఉన్నవాళ్లు గానుగ దగ్గరికే వచ్చి నగదు ఇచ్చి తీసుకుపోతారు. 60 కిలోలు, కిలో 40 అనుకున్నా 2,400 రూపాయలు. భాగస్తులు ఇంటికి తీసుకుపోయే నూనె కూడా అమ్మకం ధరకే వారి పేరున రాయాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

గిరాకీతో కూడా ఇదే పద్ధతి. వాళ్లు తెచ్చిన గింజలను వాళ్ల ముందరే కాంటా మీద పెట్టండి. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి. పట్టుడు కూలి కిలోకు ఎంత, చెక్క ఎవరికి అన్నది బోర్డు మీద రాసి పెట్టండి. గానుగలో ముందు విడత నూనె కొంత అంటుకొని ఉంటుందని, తక్కువ గింజలు తెస్తే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని ముందే చెప్పండి. అందుకే కనీసం 10 కిలోలని పెట్టుకోవడం మంచిది.

వారానికోసారి, ఆదివారం సాయంత్రం, గల్లాపెట్టె నగదు ముగ్గురూ కలిసి లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడండి. ఉద్దెర పేర్లు పైకి చదవండి. తేడా వస్తే ఆ అంకెను దిద్దకుండా పక్కన తేడా అనే రాసి సంతకాలు పెట్టండి. ఒకరు ఊర్లో లేకపోతే ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపి, వచ్చాక ఆయన సంతకం చేయడానికి అడుగున ఒక గీత ఖాళీగా ఉంచండి.