పశ్చిమ కనుమల్లో దారి తప్పకుండా నడవడం ఎలా

బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి బస్సెక్కి కుమారపర్వతం, కుద్రేముఖ్, తడియాండమోల్ కొండలకు వెళ్లే మనవాళ్లలో చాలామంది, ఎవరో నడిచినప్పుడు నమోదు చేసిన దారి గీత, అంటే జీపీఎస్ ట్రాక్, ఫోన్‌లో ఉంటే చాలనుకుంటారు. ఆ ట్రాక్ ఏ నెలలో నమోదైందో ముందుగా చూడాలి. జనవరిలో ఎండుగడ్డి మధ్య స్పష్టంగా కనిపించే బాట, జూన్ నుంచి కురిసిన వానలకు సెప్టెంబరు నాటికి ఏపుగా పెరిగిన గడ్డిలో మరుగున పడిపోతుంది. వేసవిలో చెప్పు తడవకుండా దాటిన వాగు అప్పటికి ఉరకలేస్తూ ఉంటుంది. అందుచేత అదే కాలంలో, వీలైతే గత వారమే వెళ్లివచ్చినవారిని అడగడం మంచిది. వానల్లోనూ, కార్చిచ్చు భయం ఉన్న ఎండల్లోనూ కొన్ని దారులను అటవీశాఖ మూసివేస్తుంది కనుక, అనుమతి సంగతి తేల్చుకున్నాకే టికెట్లు కొనాలి.

ఇంటి దగ్గరే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీట్ (కొండలు, వాగులు, ఎత్తులు చూపే పటం) పరచుకుని కూర్చోవాలి. అందులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తులోని చోట్లను కలిపే సమోన్నత రేఖల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. రేఖల వంపు మొన ఎత్తువైపు తిరిగితే అది లోయ, పల్లంవైపు తిరిగితే గట్టు, అంటే కొండ వెన్ను. బాట ఏ గట్టు మీదుగా సాగుతుందో, ఎన్ని వాగులు అడ్డొస్తాయో, ఎక్కడ చీలుతుందో పెన్సిలుతో గుర్తించుకుంటే, కొండమీద మంచు కమ్మినప్పుడు కూడా తరువాత ఏది రావాలో మనకు తెలిసే ఉంటుంది.

సమయం అంచనాకు 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నెయిస్మిత్ చెప్పిన లెక్క నేటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. కొండ కింది కుక్కే సుబ్రహ్మణ్య క్షేత్రం నుంచి కుమారపర్వత శిఖరానికి 12 కిలోమీటర్లకు పైగా నడక, 1,500 మీటర్లకు పైగా ఎక్కుడు ఉన్నాయి కనుక, విశ్రాంతి కలపకుండానే ఐదు గంటలు దాటుతుంది. మన ఉక్కపోతకు ఇంకొంత కలుపుకోవాలి.

దారి తప్పేది ఎక్కువగా చీలికల దగ్గరే. పశువులు, అడవిదున్నలు తొక్కిన జాడ ఒక్కోసారి మనుషుల బాటకన్నా వెడల్పుగా ఉండి మోసం చేస్తుంది. వంగి చూడండి: నడుము ఎత్తులోనే కొమ్మలు అడ్డుగా అల్లుకుని, నేలమీద గిట్టల గుర్తులు, పేడ మాత్రమే ఉంటే అది జంతువుల దారి, నీటి దగ్గరో పొదలోనో ఆగిపోవచ్చు. మనుషుల బాటలో తల ఎత్తు వరకు కొమ్మలు తొలగి ఉంటాయి, రాళ్ల అంచులు పాదాల రాపిడికి నునుపెక్కి ఉంటాయి. కొండ మడతల్లో గుబురుగా పెరిగే షోలా అడవి నుంచి గడ్డిమైదానంలోకి రాగానే వెనక్కి తిరిగి, ఆ చోటును ఫోటో తీసుకోండి. తిరుగుప్రయాణంలో అడవిలోకి దిగే ఆ సందును వెతకడమే అన్నిటికన్నా కష్టం.

నెట్‌వర్క్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది కనుక మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే బ్యాటరీ నిలుస్తుంది.

అనుమానం రాగానే ఆగి, కచ్చితంగా తెలిసిన చివరి గుర్తు దాకా వెనక్కి నడవాలి. వాగు వెంట దిగితే ఊరు వస్తుందన్న నమ్మకం ఈ కనుమల్లో ప్రాణాంతకం, ఎందుకంటే ఇక్కడి వాగులు చాలాచోట్ల నిట్టనిలువు బండలమీదుగా జలపాతాలై దూకుతాయి.