సింథటిక్ బట్టకు రంగు తీసే ముందు

బ్లీచ్ సీసా అందుకునే ముందు లోపలి కుట్టు దగ్గరున్న లేబుల్ చదవండి. పాలిస్టర్ అని ఉంటే ఆశ కాస్త తగ్గించుకోవాలి. ఆ రంగును సాధారణంగా మిల్లులో 130 డిగ్రీల వేడిలో, ఒత్తిడి పెట్టి పోగు లోపలికి ఎక్కిస్తారు. ఇంట్లో మరిగే నీళ్లు 100 డిగ్రీలు దాటవు. ఎంత ఉడకబెట్టినా రంగు కాస్త వెలుస్తుందేమో గానీ పూర్తిగా పోదు. ఇది ముందే తెలియాలి. లేకపోతే పంతం పట్టి ఒక మందు మీద ఇంకో మందు పోస్తారు. నాకు భయమంతా అక్కడే.

క్లోరిన్ బ్లీచ్‌లో వెనిగర్ గానీ, ఆమ్లం ఉన్న బాత్రూమ్ క్లీనర్ గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా కలిసినా విషవాయువులే. తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పైగా ఆ బ్లీచ్ నైలాన్‌ను, సాగే బట్టల్లో ఉండే స్పాండెక్స్‌ను పసుపు రంగుకు తిప్పి పాడుచేస్తుంది. పాలిస్టర్ రంగును పెద్దగా కదిలించదు. ఇక దానితో పనేముంది?

రంగు తీసే పొడుల్లో తరచూ ఉండేది సోడియం హైడ్రోసల్ఫైట్. దీని డబ్బాలోకి తడి చెంచా పెట్టకండి. కొద్దిపాటి తేమకే పొడి వేడెక్కి అంటుకోగలదు. కొలిచిన పొడిని ఎక్కువ నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. వచ్చే ఘాటు సల్ఫర్ డయాక్సైడ్‌ది. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. కిటికీలు తెరవండి, గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే వాడండి. దాన్ని మళ్లీ వంటకు వాడకండి. బ్లీచ్‌తో దీన్ని ఎప్పుడూ కలపొద్దు.

అసిటేట్ బట్ట మీద అసిటోన్ చుక్క పడినా అక్కడ కరిగిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలావాటిలో ఉండేది ఈ అసిటోనే.

ఉతుకులో వేరే బట్ట రంగు అంటితే మాత్రం అది పోయే అవకాశం ఎక్కువ. ఆరనివ్వకండి, ఇస్త్రీ పెట్టకండి. వేడికి మరక పాతుకుపోతుంది. తడి మీదే సబ్బుతో మళ్లీ ఉతికి, పోకపోతే క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపిన నీళ్లలో, ప్యాకెట్ మీద రాసిన కొలతకు నానబెట్టండి.

ఏది వాడినా ముందు లోపలి అంచున ఒక చుక్క పెట్టి, ఆరాక చూడండి. వేడి నీళ్లలో ముంచిన పాలిస్టర్‌ను ఒక్కసారిగా చన్నీళ్లలో వేయకండి, ముడతలు నిలిచిపోతాయి.

మందు కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు ధారగా పోసి కడుక్కుని, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊపిరి ఆడకపోతే అన్నీ అక్కడే వదిలేసి ముందు బయటి గాలిలోకి వచ్చేయండి.